రాజ్‌దూత్‌కి పెరిక

బాగు చేయించిన బండిని ఇంటి ముందు నిలబెట్టిన రోజు మా బాపు దాని చుట్టూ రెండుసార్లు తిరిగి చూశాడు. ట్యాంకు మీద వేలితో రాసి చూశాడు. హారన్ కొట్టాడు. "మంచిగైంది" అన్నాడు. కొంచెంసేపాగి, "మరి సామానేడ పెడ్తవ్ రా?" అన్నాడు.

ఆ ప్రశ్నకి జవాబు దొరకడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఆ మూడు నెలల్లో చదివినవీ, విన్నవీ, కొని వాపసు ఇచ్చినవీ కలిస్తే ఈ వ్యాసం అయింది.

బండి రాజ్‌దూత్ 175. బాపు 1987లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. పదకొండేళ్లు మా కొట్టంలో గడ్డిమోపుల వెనక పడి ఉంది. దాని మీద కోళ్లు పొదిగాయి. హైదరాబాద్‌లో నా దోస్తులు పాత జావాలూ యెజ్డీలూ మెరిపించుకుని ఆదివారాలు తిరుగుతుంటే నాకూ మనసైంది. కరీంనగర్‌లో టూ స్ట్రోక్ బండ్ల మీద ఇంకా చెయ్యి పెట్టే మేస్త్రీ ఒకాయన దొరికాడు. నాలుగు నెలలు తీసుకున్నాడు గానీ బండిని బండిలా చేసిచ్చాడు. నల్ల రంగు, ట్యాంకు మీద సన్నటి బంగారు గీత, కొత్త క్రోమ్. దాన్ని చూస్తూ చాయ్ తాగడం కోసమే శనివారాలు ఇంటికి వచ్చేవాణ్ని. నవ్వుకోవచ్చు మీరు.

పుష్య అమావాస్యకి కేస్లాపూర్ నాగోబా జాతరకి ఆ బండి మీదే వెళ్లాలని అనుకున్నాను. కరీంనగర్ నుంచి జగిత్యాల, ధర్మపురి, రాయపట్నం దగ్గర గోదావరి దాటి లక్సెట్టిపేట, జన్నారం, ఉట్నూరు, ఇంద్రవెల్లి. మూడు రోజుల ప్రయాణం. ఆ రోజుల్లో ఆదిలాబాద్ చలి ఎట్లా ఉంటుందో తెలిసినవాళ్లకి చెప్పనక్కర్లేదు. రెండు జతల బట్టలు, ఒక మందపు చెద్దరు, స్వెటరు, పానాల సంచి, రెండు ప్లగ్గులు, క్లచ్ వైరు. టూ స్ట్రోక్ కదా, పెట్రోల్‌లో కలపడానికి ఆయిల్ సీసా కూడా. ఇవన్నీ ఎక్కడ పెట్టాలి?

వీపు సంచి ఒక దారి. యాభై కిలోమీటర్లు వెళ్లేసరికి భుజాలు అడ్డం తిరుగుతాయి. ట్యాంకు మీద అయస్కాంతంతో అతుక్కునే సంచి ఇంకో దారి. కానీ అడుగున చేరిన దుమ్ము గరుకు కాగితంలా రంగుని గీస్తుంది, ఆ బంగారు గీత కోసం నేను పెట్టిన ఖర్చు నాకు తెలుసు. వెనక క్యారియర్ మీద ప్లాస్టిక్ డబ్బా పెడితే బండి పిజ్జా ఇవ్వడానికి వచ్చినట్టు కనిపిస్తుంది. ఇప్పుడు లద్దాఖ్ వెళ్లేవాళ్లు పెట్టుకునే అల్యూమినియం పెట్టెలు రాజ్‌దూత్‌కి తగిలిస్తే మేకపిల్లకి రెండు బీరువాలు కట్టినట్టుంటుంది. నేను మూడు వేల రెండు వందలు పెట్టి సీటు మీంచి అటూ ఇటూ వేలాడేసే నల్ల సంచుల జత ఒకటి కొన్నాను. నిలబెట్టి చూస్తే బాగానే ఉంది. చొప్పదండి రోడ్డు మీద మొదటి గుంతలో సంచి లోపలికి ఊగి వెనక చక్రాన్ని రాసుకుంది. సంచి తప్పు కాదది. దాన్ని లోపలికి పోకుండా ఆపాల్సిన ఇనుప జాలీని నేనే పీకించాను, అందం కోసం.

ఆ జాలీ సంగతి తర్వాత చెప్తాను.

సామాను కనపడకుండా ప్రయాణం చెయ్యాలనే కోరిక ఎంత పాతదో నాకు తెలిసింది ఈ రోజుల్లోనే, అనుకోని చోట. 1605లో అచ్చయిన 'డాన్ కిహోటే' మొదటి భాగం మూడో అధ్యాయంలో ఒక సత్రం యజమాని ఉంటాడు. వీరుడిగా బయల్దేరిన కిహోటే దగ్గర చిల్లిగవ్వ లేదు. వీరుల కథల్లో ఎవరూ డబ్బు తీసుకెళ్లినట్టు తను చదవలేదంటాడు. సత్రం యజమాని నవ్వి, అది రాయనక్కర్లేని విషయం కాబట్టి రాయలేదయ్యా అంటాడు. డబ్బూ, ఉతికిన చొక్కాలూ, గాయాల మందూ ప్రతి వీరుడికీ ఉండేవి. పరిచారకుడు ఉంటే వాడు మోసేవాడు. లేకపోతే వీరుడే చాలా పల్చటి జంట సంచుల్లో, గుర్రం పిరుదుల మీద, అదేదో వేరే ముఖ్యమైన వస్తువన్నట్టుగా, కనీకనిపించకుండా పెట్టుకునేవాడు. ఎందుకంటే సంచులు మొయ్యడం వీరులకి మర్యాద కాదు.

ఇది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను. నాలుగు వందల ఏళ్ల కింద ఒక స్పానిష్ రచయిత నా సమస్యని పట్టేసి నన్ను ఎగతాళి చేస్తున్నట్టు అనిపించింది.

తర్వాత కిహోటే తనకో పరిచారకుణ్ని కుదుర్చుకుంటాడు. సాంచో పాంజా గాడిద మీద జంట సంచులేసుకుని వెంట నడుస్తాడు. సత్రంలో బస చేసిన డబ్బు ఇవ్వకుండా వీరుడు దర్జాగా వెళ్లిపోతే, బాకీ కింద సత్రం వాడు అట్టిపెట్టుకున్నది సాంచో సంచుల్నే. వీరుడికి ఏమీ పోలేదు. ఆయన దగ్గర పోవడానికి ఏమీ లేదు కదా, అన్నీ పక్కవాడి గాడిద మీదే ఉన్నాయి.

ఆ సంచుల్ని స్పానిష్‌లో అల్‌ఫోర్హా అంటారు. అరబ్బీ 'అల్ ఖుర్జ్' నుంచి వచ్చిన మాట. పారసీకంలో ఖుర్జీన్. ఒంటె మీదో, గుర్రం మీదో చెరోపక్క వేలాడే జంట సంచి. స్పెయిన్‌లో మోటార్‌సైకిల్ సంచుల్ని ఇప్పటికీ ఆ మాటతోనే పిలుస్తారు. ఇంగ్లిష్ వాళ్ల ప్యానియర్ లాటిన్‌లో రొట్టెల బుట్ట.

మరి మనకి? మన దుకాణాల్లో 'సైడ్ బ్యాగ్' అంటారు, 'సైడ్ బాక్స్' అంటారు, మొండిగా అన్నిటినీ కలిపి 'డిక్కీ' అంటారు. కానీ తెలుగు నిఘంటువు తెరిస్తే ఈ వస్తువుకి ఒకటి కాదు, రెండు మాటలున్నాయి. కంట్లం. పెరిక. రెండిటికీ అర్థం ఒకటే: ఎద్దు వీపు మీంచి రెండు పక్కలకీ వేలాడే జంట సంచి. పెరిక ఎద్దు అంటే సామాను మోసే ఎద్దు. పెరిక కులం పేరు ఈ సంచి నుంచే వచ్చిందని థర్‌స్టన్ 1909లో దక్షిణ భారత కులాల మీద వేసిన సంపుటాల్లో రాశాడు. కరీంనగర్, వరంగల్ వైపు పెరిక వాళ్లు లేని మండలం తక్కువ. నా చిన్నప్పటి దోస్తుల్లో ఇద్దరు పెరికోళ్లు. ఆ పేరులో సంచి ఉందని నాకూ తెలియదు, అడిగితే వాళ్లకీ తెలియదు. ఇక గోనె. సంస్కృతంలో గోణీ, దాన్ని ఇంగ్లిష్ వాళ్లు గన్నీ చేసుకున్నారు.

అంటే, ప్రపంచానికి సంచి పేరు అప్పిచ్చిన ఊళ్ల నుంచి వచ్చినవాణ్ని, సైడ్ బ్యాగ్ కోసం మూడు నెలలు దిక్కులు చూశాను.

పెరిక ఎడ్ల మీద ఏం మోసేవారో చూస్తే మన బండ్ల సామాను మరీ చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. పదిహేడో శతాబ్దంలో గోల్కొండకి వజ్రాల కోసం పలుమార్లు వచ్చిన ఫ్రెంచి వ్యాపారి టావర్నియే తన ప్రయాణాల పుస్తకం 1676లో అచ్చువేయించాడు. ఒక్కో ఎద్దు 300 నుంచి 350 లివ్రుల బరువు మోస్తుందని అందులో లెక్క చెప్పాడు, అంటే మన లెక్కలో ఇంచుమించు నూట యాభై కిలోలు, ఆ పైన. పదివేలు, పన్నెండు వేల ఎడ్లు ఒకేసారి నడిచే బిడారులు చూశానన్నాడు. ఇరుకు దారిలో అటువంటివి ఎదురైతే అవి దాటేదాకా రెండు మూడు రోజులు ఆగాల్సిందేనట. ధాన్యం, ఉప్పు, పప్పులు. ఆ బిడారులు నడిపింది బంజారాలు, మనం లంబాడాలంటాం. సైన్యాలకి బియ్యం వాళ్లు తెస్తేనే యుద్ధం.

ఈ ఎద్దుల సంచుల గురించి నాకు బాగా నచ్చిన విషయం వేరే ఉంది. బిడారు ముందు నడిచే ఎద్దుని వాళ్లు అలంకరించేవాళ్లు. కొమ్ములకి గుడ్డలు, మెడలో గంటలు, గవ్వలు కుట్టిన పట్టీలు. బంజారా ఆడవాళ్ల కుట్టుపని, అద్దాలూ గవ్వలూ, వాళ్ల బట్టల మీదే కాదు, సంచుల మీదా కనిపిస్తుంది. ఇప్పుడు ఆ సంచులు మ్యూజియాల్లో, హస్తకళల దుకాణాల్లో చాలా ధరకి ఉన్నాయి. సామాను మొయ్యడం ఎద్దు అందాన్ని చెడగొడుతుందని వాళ్లు అనుకోలేదు. సామాను మోసేదే ఎద్దు, కాబట్టి సంచినే అందంగా కుట్టారు. అందం ఒక గూట్లో, అవసరం ఇంకో గూట్లో పెట్టుకోవడం ఎప్పుడు మొదలైంది మనకి?

దీనికి నాకు తోచిన జవాబు రోడ్డు. పెరిక ఎద్దుకి దారి అక్కర్లేదు, గుట్టైనా వాగైనా నడుస్తుంది. కంకర రోడ్లు పడ్డాక బండెద్దు వచ్చింది, పట్టాలు పడ్డాక రైలు వచ్చింది. మా వైపు కాజీపేట నుంచి బల్లార్షా లైను 1920ల చివర పూర్తయింది. జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల అన్నీ రైలు ఊళ్లయ్యాయి. 1932లో నిజాం రైల్వే వాళ్లు 27 బస్సులతో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. సామాను వీపు దిగి డబ్బాలోకి, బస్సు నెత్తి మీదికి పోయింది. మనిషి ఒక చోట, వాడి మూట ఒక చోట. రైలు ఎక్కాక మూట సంగతి కూలీ చూసుకుంటాడు. మొదటిసారి మామూలు మనిషికి కూడా సాంచో పాంజా దొరికాడు, అణాలకి.

మోటార్‌సైకిల్ వచ్చి ఈ లెక్క మళ్లీ తారుమారు చేసింది.

రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటిష్ సైన్యం వాడిన బి.ఎస్.ఎ. ఎం20 బండి ఫొటోలు చూడండి. వెనక చక్రానికి రెండు పక్కలా కాన్వాసు సంచులుంటాయి, అచ్చం కంట్లం. ఉత్తరాలు పట్టుకుని ఒక దళం నుంచి ఇంకో దళానికి పరుగెత్తే సైనికుడి సంచులవి. ఇప్పుడు బుల్లెట్‌కి 'మిలిటరీ లుక్' అని అమ్మే ఖాకీ సంచులన్నిటికీ తాత అదే. మన సైన్యం కోసం బుల్లెట్లు తెప్పించుకుని, ఆ పైన 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టించుకుని తిరువొత్తియూరులో తయారు చేయించుకున్నాం. మైసూరులో జావా 1960ల మొదట్లో. ఎస్కార్ట్స్ వాళ్లు పోలండ్ ఎస్.హెచ్.ఎల్. నమూనాతో 1962లో రాజ్‌దూత్ మొదలుపెట్టారు. పేరు బాగుంది కదా, రాజదూత. వార్త మోసేవాడు. మా ఊళ్లలో మాత్రం అది పాలు మోసింది.

స్కూటర్‌తో పోల్చితే తేడా అర్థమవుతుంది. చేతక్ ఒళ్లంతా రేకు. ఇంజను ఒక పొట్టలో, స్టెప్నీ వెనక, ముందు డిక్కీ, కాళ్ల దగ్గర గ్యాస్ సిలిండరు పట్టేంత జాగా. అది తన సామాన్ని దాచుకుంటుంది, అందుకే అది గుమాస్తాల, టీచర్ల, సంసారుల బండి అయింది. మోటార్‌సైకిల్ దాచుకోదు. ఇంజను, గొట్టాలు, చువ్వలు, గొలుసు అన్నీ బయటే. దాని అందమే ఆ బయటపడి ఉండటం. కాబట్టి ఏ సంచి తగిలించినా చూడాల్సినదాన్నే కప్పుతుంది. ఇది మన పిచ్చి కాదు, ఆ వస్తువు తయారైన తీరే అంత.

పైగా సినిమా. 1973లో 'బాబీ' వచ్చింది, అందులో కుర్ర జంట పారిపోయింది చిన్న రాజ్‌దూత్ మీద. మోటార్‌సైకిల్ అంటే చేతిలో ఏమీ లేకుండా వెళ్లిపోవడం అని మన బుర్రల్లో పడింది. యాభై ఏళ్లు గడిచినా అదే ఊహ. 2021లో మంచిర్యాల వైపు పెళ్లికూతురు ఒకావిడ 'బుల్లెట్టు బండి' పాటకి వరుడి ముందు ఆడితే ఆ వీడియో రాష్ట్రమంతా తిరిగింది. నేనూ పదిసార్లు చూశాను. చూసిన ప్రతిసారీ మా అవ్వ ఒక్కటే అడిగేది: "ఆ పిల్ల బట్టల పెట్టె ఎవలు తెస్తరు?"

ఇప్పుడు జాలీ సంగతి. మన దేశంలో బండ్లకి ఎడమ పక్క వెనక చక్రం మీద ఇనుప కమ్మీల పంజరంలాంటిది ఉంటుంది. చీర జాలీ అందాం, దుకాణంలో శారీ గార్డ్ అంటారు. చీర కట్టుకున్న ఆడవాళ్లు ఒక పక్కకి కూర్చుంటారు కాబట్టి కొంగు చువ్వల్లో పడి ప్రాణం పోకుండా పెట్టింది. 1989 కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం దీని గురించే: వెనక కూర్చునేవాళ్లకి పట్టుకోవడానికి పిడి, కాళ్లు పెట్టడానికి ఊత, వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు. కొత్త బండి కొన్న కుర్రాడు మొట్టమొదట పీకించేది దాన్నే. 'లుక్ పోతుంది' అంటాడు. నేనూ అదే అన్నాను. ఆ పీకేసినదానికి బదులుగా ఇప్పుడు 'శాడిల్ స్టే' అనే పేరుతో సంచి లోపలికి పోకుండా ఆపే కడ్డీ ఒకటి విడిగా అమ్ముతారు. మా అవ్వని కాపాడిన కమ్మీని తీసేసి, నా సంచిని కాపాడే కమ్మీని కొనుక్కోవాలన్నమాట.

బాపు బండికి జాలీ ఒక్కటే కాదు ఉన్నది. ఇక్కడ నేను కొంచెం తటపటాయిస్తున్నాను గానీ, చెప్పకపోతే మిగతాదంతా ఉత్త సమాచారం.

మా బాపు బట్టలమ్మేవాడు. సిరిసిల్ల నుంచి తువ్వాళ్లు, లుంగీలు, చెద్దర్లు, జాకెట్ ముక్కలు తెచ్చి గంగాధర, రామడుగు, కొడిమ్యాల, మల్యాల వైపు ఊళ్లలో ఉద్దెరకి ఇచ్చేవాడు. పంట చేతికొచ్చాక వసూలు. తాత ఇదే పని భుజం మీద మూటతో, తర్వాత సైకిల్‌తో చేశాడు. బాపు రాజ్‌దూత్ కొన్నాక వెల్డింగ్ షాపులో దగ్గరుండి రెండు ఇనుప చట్రాలు చేయించుకున్నాడు. వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి. అడుగున పట్టీ, చుట్టూ చువ్వ. అందులో మూటలు కూర్చోబెట్టి కోసిన సైకిల్ ట్యూబుతో బిగించేవాడు. తాడైతే గుంతకి వదులవుతుంది, ట్యూబు సాగి మళ్లీ పట్టుకుంటుంది. పాలవాళ్లు క్యాన్లు వేలాడేసే కొక్కేలు, కల్లు తెచ్చేవాళ్ల డబ్బాల చట్రాలు, చేపల పెట్టెలు, ఐస్‌క్రీం డబ్బా: పొద్దున్నే ఏ ఊరి మూలమలుపులో నిలబడ్డా ఇవన్నీ కనిపిస్తాయి, ఎవరి పనికి తగ్గ కంట్లం వాళ్లది. వీటికి ఏ క్యాటలాగులోనూ పేరు లేదు. కొలతలన్నీ మొయ్యాల్సిన వస్తువు కొలతలే.

డిగ్రీ రెండో ఏడు పరీక్ష ఫీజు కట్టాల్సిన ఆఖరి రోజు డబ్బు పట్టుకుని బాపు మా కాలేజీకి వచ్చాడు. రెండు పక్కలా మూటలు, వాటి మీంచి ఒక పసుప్పచ్చ తువ్వాలు అంచు గాలికి కొట్టుకుంటోంది. గేటు దగ్గర నా దోస్తులున్నారు. నేను ఎదురెళ్లి, "ఆడనే ఆపు, రోడ్డవతల" అన్నాను. ఆయన ఆపాడు. ఎందుకని అడగలేదు. నోట్లు లెక్కపెట్టి ఇచ్చి, బండి తిప్పుకుని వెళ్లిపోయాడు. ఇంట్లో ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండేది.

బండి మేస్త్రీకి అప్పజెప్పినప్పుడు నేను చెప్పిన మొదటి మాట, "అన్నా, ముందు ఆ చట్రాలు కోసెయ్." గ్రైండర్ పెడితే అయిదు నిమిషాల పని. నిప్పురవ్వలు లేస్తుంటే ఫొటో కూడా తీసుకున్నాను.

వీరుడికి సంచులు మర్యాద కాదన్న సత్రం యజమాని మాట నన్ను ఎందుకు అంతసేపు కూర్చోబెట్టిందో ఇప్పుడు మీకు తెలిసి ఉంటుంది. ఖాళీ బండి అందంగా ఉంటుందనేది నిజమే, కాదనను. కానీ ఆ అందంలో కొంత భాగం ఇనుముదీ రంగుదీ కాదు. నేను ఏమీ మొయ్యక్కర్లేనివాణ్ని అని చెప్పుకోవడం అది. మా బాపు పాతికేళ్లు వీరుడూ తానే, పరిచారకుడూ తానే అయి తిరిగాడు. నేను ఆయన బండిని తీసుకుని అందులోంచి పరిచారకుణ్ని కోసి పారేశాను.

అలాగని పాలబండిలా చేసుకుని తిరుగుతానని కాదు. నాకిప్పటికీ బండి అందంగానే కావాలి. అందుకే నల్ల సంచులు వాపసు ఇచ్చాక బాపు దగ్గరే కూర్చున్నాను. ఆయన మోకాలు ఒరిగి బండి మానేసి చాలా కాలమైంది గానీ, బరువు సంగతి ఆయన చేతులకి తెలుసు.

"సమానమంటే కిలోలు సమానం కాదు రా. గుంజుడు సమానం" అన్నాడు. మొదట అర్థం కాలేదు. రెండు చేతులా నీళ్ల బకెట్లు పట్టుకుని చూపించాడు. ఒకటి ఒంటికి దగ్గరగా, ఒకటి దూరంగా. బరువొకటే అయినా దూరంగా ఉన్న చెయ్యి లాగుతుంది. సైలెన్సర్ ఉన్న పక్క సంచి కాలకుండా బయటికి జరుగుతుంది కాబట్టి అటు తేలిక సామాను వెయ్యాలి. బరువు వెనక ఇరుసు కంటే ముందుకి, వీలైనంత కిందికి ఉండాలి. వెనక్కి పోతే ముందు చక్రం తేలిపోయి హ్యాండిల్ వణుకుతుంది. పక్క స్టాండు మీద బండి ఎడమకి ఒరుగుతుంది, కాబట్టి సంచి దింపేటప్పుడు ముందు కుడిది దించాలి, లేకపోతే ఎడమది తీసిన క్షణంలో బండి కుడికి పడిపోవచ్చు. ఇది ఆయన ఒక్కసారి చూశాడట, కొడిమ్యాలలో.

విచిత్రం ఏమిటంటే, ఆయన బరువు కోసం చెప్పినవే చూపుకీ పనికొచ్చాయి. కింద ఉండాలంటే సంచి పై అంచు సీటు గీత దాటకూడదు. అలా ఉంచితే ట్యాంకు నుంచి సీటు మీదుగా వెనక దీపం దాకా పోయే గీత తెగదు, ఆ గీతే బండి అందం. ముందుకి ఉండాలంటే సంచి చిన్నదై ఉండాలి. చిన్నదైతే చక్రం గుండ్రం వెనక సగం బయటికి కనిపిస్తుంది. సంచి అడుగు అంచు సైలెన్సర్‌కి సమాంతరంగా పోతే కాలదు, వేలాడినట్టూ కనిపించదు. రెండు పక్కలా ఒకే ఎత్తున ఉంటే వెనక నుంచి వచ్చేవాడికి బండి బొమ్మలా ఉంటుంది. చెడగొట్టేది సామాను కాదు, వేలాడటం. ఉబ్బిన సంచి, ఊగే పట్టీ, ఒక పక్కకి ఒరిగిన మూట.

ఇంకోటి నాకై తోచింది: సంచి లేనప్పుడు మిగిలేది చూసుకోవాలి. పెద్ద పెట్టెల చట్రాలు పెట్టెలు తీసేశాక ఎముకల్లా నిలబడతాయి. కాబట్టి చట్రం కాదు, వేలిమందం చువ్వ చాలు. వెనక షాకబ్జర్ పై బోల్టుకీ, మడ్‌గార్డు బోల్టుకీ మధ్య ఒక వంపు. బండికి కొత్తగా రంధ్రం చెయ్యక్కర్లేదు. జాలీ మళ్లీ బిగించాను. చూడగా చూడగా అది బాగానే ఉంది, లేదా నా కళ్లు మారాయి.

చట్టం సంగతి కూడా ఒక మాట. వెనక పెట్టుకునే డబ్బాకి కేంద్ర రవాణా శాఖ 2020లో హద్దు పెట్టింది: పొడవు 550, వెడల్పు 510, ఎత్తు 500 మిల్లీమీటర్లు, డబ్బాతో కలిపి బరువు 30 కిలోలు. వెనక కూర్చునే చోట పెడితే ఇంకో మనిషి ఎక్కకూడదు. బాపుకి చదివి వినిపిస్తే, "ముప్పై కిలోలా! గంతేనా" అని నవ్వాడు. నూట యాభై కిలోల ఎద్దు గుర్తొచ్చి నాకూ నవ్వొచ్చింది.

సంచులు ఎక్కడా కొనలేదు. సిరిసిల్లలో బాపు పాత ఖాతాదారు ఒకాయన దగ్గర మందపు నూలు గుడ్డ దొరికింది, ముదురు గోధుమ రంగు. టెంట్లు కుట్టే టైలరు దగ్గర కూర్చుని అట్టముక్కతో నమూనా కోసి కుట్టించాను. లోపల రెక్సిన్ అస్తరు, అడుగున మందపాటి తోలు. రెండిటినీ కలిపే పట్టీ సీటు మీంచి కాదు, సీటు కిందినుంచి పోతుంది, కనిపించదు. ఒక్కోటి పదమూడు లీటర్లు పట్టొచ్చు. టైలరు "ఇది దేనికి సార్" అంటే "పెరిక" అన్నాను. ఆయన నన్నోసారి అనుమానంగా చూసి బిల్లు మీద 'బ్యాగు' అని రాసుకున్నాడు.

వెల్డింగ్‌కి చువ్వ కావాల్సి వచ్చినప్పుడు అవ్వ చెప్పింది, కోసేసిన చట్రాల్లో ఒకటి పెరట్లో ఉందని. మేస్త్రీ దగ్గర్నుంచి బాపే తెచ్చుకున్నాడట, నాకు తెలియకుండా. రెండోది పాత సామాన్లవాడికి పోయింది. ఉన్నదాన్ని బోర్లించి అవ్వ దాని మీద నీళ్ల బిందె పెడుతోంది. తుప్పు పట్టలేదు. అడుగు పట్టీ మీద ట్యూబు రాసుకుని రాసుకుని నున్నగా అద్దంలా అయిన చోటు ఒకటుంది, వేలు పెడితే జారుతుంది. దాన్ని కొయ్యబుద్ధి కాలేదు. చువ్వ బయట కొన్నాను. కొత్త వంపుని మాత్రం ఆ చట్రం మీద ఆనించి కొలుచుకున్నాం.

బయల్దేరే రోజు ఇంకా తెల్లవారలేదు. మెస్రం వంశస్థులు నాగోబాకి గోదావరి నీళ్లు ఝరిలో పట్టుకుని కాలినడకన, చెప్పుల్లేకుండా కేస్లాపూర్ దాకా తెస్తారని ముందురోజు రాత్రి బాపుకి చెప్తుంటే, "మరి వాళ్ల సామాను?" అనే అడిగాడు, అలవాటు చొప్పున. ఎడ్లబండ్ల మీద ఇంటిల్లిపాదీ వచ్చే గోండు కుటుంబాల సంగతి చెప్పాను. తలూపాడు.

సంచులు రెండూ సర్ది అరుగు మీద పెట్టాను. బాపు స్వెటరు మీద శాలువా కప్పుకుని బయటికొచ్చాడు. ఏమీ అడక్కుండా వంగి, ఒక చేత్తో ఒక సంచి, ఇంకో చేత్తో ఇంకోటి ఎత్తి పట్టుకుని కాసేపు అలాగే నిలబడ్డాడు. కళ్లు మూసుకున్నాడు. తర్వాత కింద పెట్టి, ఎడమ సంచి బొత్తాం విప్పి, ఆయిల్ సీసా తీసి కుడిదాంట్లో వేశాడు.